‘నోరు విప్పని తల్లి’ పద్యానికి టీకా తాత్పర్యం

నోట గ్రుడ్లు మోసి నోరు విప్పని తల్లి
ముద్ద ముట్టకుండ మూడు వార
ములు గడుపును; దాని మొగముఁ జూచుచు సామి
పూటపూటకొక్క పురుగు వేయు.

అవతారిక. ఈ ఆటవెలది రాసిందీ, దీనికి అర్థం చెప్పబోయేదీ ఒక్కరే. ధ్వన్యాలోకంలోని కారికలూ వాటి వృత్తీ ఆనందవర్ధనుడొక్కడే రాశాడా, ఇద్దరు రాశారా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇక్కడ ఆ వాదానికి చోటు లేదు. అయినా కవీ వ్యాఖ్యాతా ఒకరే అయినంత మాత్రాన కవిహృదయం గురించి పేచీ రాదనుకోకూడదు. పద్యం కట్టేటప్పుడు యతి కోసం వెతికే బుద్ధి వేరు, అర్థం చెప్పేటప్పుడు న్యాయం కోసం వెతికే బుద్ధి వేరు. మొదటి బుద్ధి దాచిపెట్టినదాన్ని రెండో బుద్ధి బయటికి లాగవలసి ఉంటుంది. పైకి చూస్తే ఇది ఒక చేప ఉపవాసం మీద చెప్పిన పద్యంలా ఉంటుంది. నిజానికి ఇది ఆ చేపను పెంచేవాడి మీద చెప్పిన పద్యమని నిరూపించడమే ఈ వ్యాఖ్యకు ప్రయోజనం.

పద్యంలో దేశం చెప్పలేదు. చెప్పనిచోట నిర్ణయించడం వ్యాఖ్యాత హక్కు కనుక, ఈ చేపల తొట్టి కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్‌లో, నిజాంసాగర్ చేరువలో, ఒక ఇంటి ముందుగదిలో ఉందని నిర్ణయిస్తున్నాం. ఇందుకు మొదటి హేతువు శాస్త్ర మర్యాద. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం అంటారు. మంజీర ఆ వైపు నుంచే పారి వచ్చి నిజాంసాగర్‌లో నిలుస్తుంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మాట ఇచ్చాడు. ఆయన ఊరికి దిగువన కూర్చుని వ్యాఖ్యానం చెప్పేవాళ్లు అందులో ఒక్క మాటైనా నిలబెట్టుకోవాలి, రెండోది ఎలాగూ ఈపాటికే తప్పిపోయింది. రెండో హేతువు నీరు. ఈ ప్రాంతం గ్రానైటు నేల, బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు. పప్పు ఉడకదని ఇంట్లో విసుక్కునే ఆ నీళ్లే పద్యంలోని చేపకు పుట్టింటి నీళ్లలాంటివి. నల్లా నీళ్లయితే క్లోరిన్ విరిగేదాకా ఆగాలి. మూడో హేతువు ప్రాజెక్టు. 1923లో మొదలై 1931లో పూర్తయి, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్‌కు గుర్తుగా నిలిచిన నిజాంసాగర్ ఆ ఇంటికి కూతవేటు దూరంలో ఉండడం ఈ పద్యార్థానికి అవసరం. ఎందుకో తాత్పర్యం దగ్గర తెలుస్తుంది.

పద్యంలో చేప పేరు కూడా లేదు. అయితే ‘నోట గ్రుడ్లు’ అనడం వల్ల సిక్లిడ్ కుటుంబపు చేప అనీ, ‘పురుగు’ వేయడం వల్ల మాంసాహారి అనీ, ఒక మనిషి దాని మొగం చూస్తూ కూర్చోవడం వల్ల చెప్పుకోదగినంత పెద్ద మొగం ఉన్నదనీ తేలుతుంది. ఈ మూడూ కలిసేది తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు వేటచేపల్లో. ఆ సరస్సు దాదాపు 700 మీటర్ల లోతు. అందులో సిక్లిడ్ జాతులే కొన్ని వందలు. చాలావరకు ఆ సరస్సు దాటి ఇంకెక్కడా పుట్టనివి. వాటిలో పెద్ద వేటగాళ్లు జానెడుకు మించి పెరుగుతాయి. నింబోక్రోమిస్ వీనుస్టస్‌కు పసుపు మీద గోధుమరంగు మచ్చలు, చిరుతపులి వేషం. డిమిడియోక్రోమిస్ కంప్రెసిసెప్స్ కత్తి అలుగంత పల్చన. నీటిగడ్డి మధ్య తల కిందికి వంచి నిలబడి, దారిన పోయే చిన్న చేపను పట్టేస్తుంది. 1859లో ఆ సరస్సు చేరిన డేవిడ్ లివింగ్‌స్టన్ పేరు పెట్టుకున్న నింబోక్రోమిస్ లివింగ్‌స్టోనీ వీటన్నిటిలోకి గడుసుది. అది ఇసుక మీద పక్కకు ఒరిగి, కుళ్లిన కళేబరంలా మచ్చలు మచ్చలుగా పడి ఉంటుంది. పొడుచుకు తిందామని వచ్చిన చిన్న చేప నోటి దగ్గరికి రాగానే లేస్తుంది. కెన్నెత్ మెక్‌కే అనే పరిశోధకుడు 1981లో ఈ వేటను వివరంగా రాశాడు. మనం కొంగజపం అనేది దీని ముందు చిన్న మాట. కొంగ నిలబడి జపం చేస్తే ఇది ఏకంగా శవాసనం వేస్తుంది. ఇంతటి దొంగ తన పిల్లల దగ్గరికి వచ్చేసరికి మూడు వారాలు నోరు కట్టేసుకుంటుందనడంలోనే పద్యానికి చమత్కారం ఉంది. అయితే చమత్కారం అర్థం కాదు, దాని గుమ్మం మాత్రమే.

టీక. ‘నోట గ్రుడ్లు మోసి’. మగచేప ఇసుకలో గుంట తవ్వి, రంగు నిండుగా ఎక్కించుకుని, ఆడదాన్ని అక్కడికి పిలుచుకు వస్తుంది. ఆడది కొన్ని గుడ్లు పెట్టి, వెనక్కి తిరిగి వాటిని నోట్లోకి తీసుకుంటుంది. ఈ జాతుల్లో చాలావాటికి మగదాని కిందిరెక్క మీద గుడ్డును పోలిన పసుపు చుక్కలు ఉంటాయి. ఆడది వాటిని కూడా గుడ్లనుకుని ఏరుకోబోతే మగదాని వీర్యం నోట్లో చేరి లోపలి గుడ్లు ఫలదీకరణ చెందుతాయని వోల్ఫ్‌గాంగ్ విక్లర్ 1962లో ప్రతిపాదించాడు. ఇది వంచనా, సంకేతమా అని శాస్త్రవేత్తలు తర్వాత చాలా తర్జనభర్జనలు పడ్డారు. వ్యాఖ్యాతకు ఆ వివాదం అవసరం లేదు. ఆ నోట్లో ఉన్నవన్నీ ఆమె గుడ్లేనా అని ఒక పెంకి శిష్యుడు అడగవచ్చు. టాంగన్యీకా సరస్సులో సైనోడాంటిస్ మల్టీపంక్టేటస్ అనే జెల్లజాతి చేప ఇలాంటి తల్లుల గుడ్ల మధ్య తన గుడ్లు జారవిడుస్తుందనీ, దాని పిల్లలు ముందే పొదిగి లోపలి సిక్లిడ్ పిల్లల్నే తినేస్తాయనీ సాటో అనే పరిశోధకుడు 1986లో చూపించాడు. అది కోకిల పని. మన తొట్టిలో ఆ చేప లేదు కనుక గుడ్లు తల్లివే అని స్థిరపడింది.

‘తల్లి’. నోట మోసేది తల్లే కావాలన్న నియమం చేపల్లో లేదు. మన తూర్పుతీరంలో వలకు పడే సముద్రపు జెల్లల్లో గోలీల్లాంటి పెద్ద గుడ్లను తండ్రి నోట్లో మోస్తాడు, ఉపవాసం కూడా అతనిదే. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను అసలు నోట్లోనే పెట్టుకోదు. నీటి పైన తేలే గుడ్ల చుట్టూ, తర్వాత ఎర్రగా గుంపు కట్టి తిరిగే పిల్లల చుట్టూ కాపలా కాస్తుంది. మలావీ వేటచేపల్లో మాత్రం మోత తల్లిదే. తండ్రి పని గుంట దగ్గరే అయిపోతుంది. ఆ వెంటనే ఇంకో ఆడదాని వెంట పడతాడు. తొట్టి చిన్నదైతే నోరు నిండిన దాన్నే మళ్లీ తరుముతాడు. ‘విప్పని’ అన్నచోట ఆమె మౌనం కనిపిస్తుంది గాని ఆ మౌనం లోపల పని ఆగదు. గొంతు కింద సంచి ఉబ్బి, దవడ నములుతున్నట్టు మెల్లగా కదులుతూ ఉంటుంది. లోపల గుడ్లను తిప్పి తిప్పి, వాటికి నీరూ ప్రాణవాయువూ అందేలా చూస్తోందని అర్థం. తిప్పడం ఆగితే గుడ్లకు బూజు పడుతుంది.

‘ముద్ద ముట్టకుండ మూడు వారములు’. 26, 27 డిగ్రీల నీటిలో లెక్క దాదాపు సరిపోతుంది. వేసవిలో కామారెడ్డి వైపు ఎండ 40 దాటినప్పుడు ముందుగదిలోని తొట్టి నీళ్లు కూడా 30 దాటుతాయి. అప్పుడు పిల్లలు కాస్త ముందే తయారవుతాయి, నీటిలో ప్రాణవాయువు మాత్రం తగ్గుతుంది. కరెంటు పోతే గాలి మోటారు ఆగుతుంది కాబట్టి, ఆ నెలల్లో ఈ పద్యాన్ని ఆచరించదలచినవాడు ఇన్వర్టర్‌ను కూడా పద్యంలో భాగంగా చదువుకోవాలి. ఇక ‘ముద్ద ముట్టకుండ’ అనేది అవ్యాప్తి దోషమని తార్కికులు అంటారు. నోట మోసే తల్లులన్నీ పస్తుండవు. టాంగన్యీకాలోని ట్రోఫియస్ తల్లి పిల్లలు నోట్లో ఉండగానే నాచు గోకి లోపలికి పంపుతుందనీ, పిల్లలు ఆ మేత తింటాయనీ యానగిసావా, సాటోలు 1990లో రాశారు. మన వేటచేప మాంసాహారి. చేపను పట్టి మింగాలంటే నోరు మొత్తం తెరవాలి, తెరిస్తే పిల్లలు బయటికి జారిపోతాయి. కాబట్టి ‘ముట్టకుండ’ అనేది ఇక్కడ కవి పట్టింపు కాదు, దవడ నిర్మాణం పెట్టిన షరతు.

కానీ ఇంకో అర్థం ఉంది, అది కాస్త క్రూరమైనది. ఆస్టటోటిలాపియా బర్టోనీ అనే చిన్న సిక్లిడ్ తల్లులు మోస్తున్న సంతానంలో దాదాపు 40 శాతాన్ని తామే మింగేస్తున్నాయని 2022లో వెలువడిన ఒక ప్రయోగశాల అధ్యయనం చెప్పింది. ఒకటీ అరా కాదు, చూసిన తల్లుల్లో అత్యధికం ఈ పని చేశాయి. ఆకలితో శరీరంలో పెరిగే ఒత్తిడిని తట్టుకోవడానికి ఇది సాయపడుతుందని ఆ పరిశోధకుల అభిప్రాయం. మన వేటచేపలు కూడా అంతే మింగుతాయని దీన్నిబట్టి చెప్పడానికి లేదు. అయితే గొంతు సంచిలో మొదట కనిపించిన ఉబ్బు చివరికి అంతే ఉండకపోవడం పెంపకందారులందరికీ తెలిసిన సంగతే. కాబట్టి ‘ముద్ద ముట్టకుండ’ అన్నచోట ‘బయటి ముద్ద’ అని అధ్యాహారం చేసుకోవాలి. దీంతో పద్యంలోని త్యాగమూర్తి కాస్త కుదించుకుపోతుంది. ఆమె స్థానంలో లెక్క తెలిసిన గృహిణి నిలుస్తుంది. మా తాత్పర్యానికి ఈ గృహిణే కావాలి.

‘దాని మొగముఁ జూచుచు సామి’. సామి అంటే తొట్టి యజమాని. ‘చూచుచు’ అనడంలో తప్పు లేదు, చూడడానికే కదా తొట్టి. తప్పు ఆ తర్వాతి పాదంలో ఉంది. ‘పూటపూటకొక్క పురుగు వేయు’. ఎర్రపురుగు కావచ్చు, వానపాము ముక్క కావచ్చు, రొయ్య తునక కావచ్చు. తల్లి తినదు. తిననిది ఇసుకలో పడి కుళ్లుతుంది, కుళ్లినది అమోనియా అవుతుంది. గట్టి నీళ్లలో, క్షారం ఎక్కువైనచోట, ఆ అమోనియాకు విషం ఇంకా ఎక్కువ. మలావీ చేపకు ఏ నీళ్లు సుఖమని మురిసిపోయామో అవే నీళ్లు వడ్డీతో సహా వసూలు చేస్తాయన్న మాట. ఒక్కోసారి ఆకలి తట్టుకోలేక ఆమె పురుగు కోసం నోరు తెరిస్తే గుడ్లు జారిపోతాయి. మళ్లీ ఏరుకునేలోపు పక్క చేపలు ఏరుకుంటాయి. ‘పురుగు’ అన్నచోట ‘పెరుగు’ అని పాఠాంతరం చదవవచ్చునా అన్న ప్రశ్న కూడా ఇక్కడే తీర్చవలసి ఉంది. పూకారానికి పెకారం యతి చెల్లదు కాబట్టి ఆ పాఠం అగ్రాహ్యం. చేప పెరుగు తినదన్నది రెండో కారణం.

తాత్పర్యం. ఈ పద్యానికి రెండు రకాల తాత్పర్యాలు చెప్పుకోవచ్చు. తల్లి త్యాగాన్నీ యజమాని జాలినీ పక్కపక్కన పెట్టి కవి కరుణరసం పండించాడన్నది మొదటిది. ఇది వినడానికి బాగుంటుంది, పద్యానికి మాత్రం సరిపోదు. తల్లి ఉపవాసం దుఃఖం కాదు, ఆమె జాతి ధర్మం. చల్లని రక్తం ఉన్న ప్రాణికి మూడు వారాల పస్తు మనకున్నంత కష్టం కాదు, వేటచేప సరస్సులోనూ వరుసగా పస్తులుంటుంది. కరుణకు స్థాయి కావలసిన శోకమే ఇక్కడ లేదు. మేము చెప్పే తాత్పర్యం ఇది: ఆమె మూసిన నోరు ఒక హద్దు. ఆ హద్దు లోపల ఎన్ని పుట్టాలో, ఎన్ని మిగలాలో ఆమె తేలుస్తుంది. యజమాని పని ఆ హద్దుకు బయట ఉంది: తగిన తొట్టి, నీళ్లు, మగచేపను విడిగా ఉంచడం. అతను ఆ పని వదిలి ఆమె మొగం వైపు చేయి చాస్తున్నాడు. ఇవాళ పురుగు వేసినవాడు రేపు ఆమె నోరు తెరిపిస్తాడు. ఇంట్లో ఈ చేపల పెంపకంలో అసలు నేర్పు ఎన్ని పిల్లల్ని పుట్టించగలమనే దానిలో లేదు. ఎన్ని పుట్టకుండా ఊరుకోగలమనే దానిలో ఉంది.

ఈ మాట చెప్పగానే ఆక్షేపాలు మొదలవుతాయి. పద్యంలో నోరు తెరిపించే మాటే లేదు, దాన్ని ఎక్కడి నుంచి తెచ్చారన్నది మొదటిది. వ్యంగ్యం నుంచి తెచ్చాం. పూటపూటా మొగం చూసేవాడు ఓర్పు లేనివాడు. ఓర్పు లేనివాడు పద్దెనిమిదో రోజున తడి చేత్తో చేపను పట్టుకుని, కింది దవడను గోటితో వంచి, పిల్లల్ని గిన్నెలోకి కక్కిస్తాడు. ఇంకా ఓర్పు లేనివాడు గుడ్లు ఉన్నప్పుడే లాగేసి, గాలి బుడగలతో గుడ్లు తిప్పే సీసాలో వేస్తాడు. పెంపకందారుల్లో ఇది మామూలు పద్ధతి, దీన్ని సమర్థించేవాళ్ల వాదం గట్టిదే. తల్లి 40 శాతం మింగగలదని మీరే చెప్పారు కదా, ఆ 40 శాతాన్ని మేము బతికిస్తున్నాం అంటారు. తిలాపియా హేచరీల్లో రోజుల లెక్కన తల్లుల నోళ్లలోంచి గుడ్లు తీసి జాడీల్లో పొదిగిస్తారు. గుడ్లు పోయిన తల్లి మోత నుంచి విడుదలై త్వరగా మళ్లీ గుడ్లు పెడుతుంది. విజయవాడ దగ్గర రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం గిఫ్ట్ రకం తిలాపియా పిల్లల్ని ఉత్పత్తి చేస్తున్నదీ ఈ శాస్త్రంతోనే. అక్కడ పనికొచ్చేది మహమ్మద్‌నగర్ ముందుగదిలో ఎందుకు పనికిరాదన్నది వారి ప్రశ్న.

సమాధానం: అక్కడ పిల్ల అమ్ముడుపోవడానికి పుడుతుంది, ఇక్కడ పిల్లకు చోటు లేదు. లెక్క వేసి చూడండి. ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టి నిండా నీళ్లు పోస్తే 680 లీటర్ల దాకా పడతాయి. అంటే నీళ్ల బరువే 680 కిలోలు. గాజు, ఇసుక, స్టాండు వేరే. ఇలాంటి తొట్టి ఒక మగచేపకూ నలుగురైదుగురు ఆడవాళ్లకూ సరిపోతుంది, అంతకు మించి సరిపోదు. నలుగురు తల్లులు ఏడాదికి మూడేసిసార్లు నోరు నింపుకుని, ఒక్కోసారి నలభై పిల్లల్ని మాత్రమే వదిలినా ఏడాదికి 480 అవుతాయి. సీసా పద్ధతిలో ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. పెద్దయ్యాక ఆ 480కి ఒక్కో అర డజనుకు ఒక్కో 680 లీటర్ల తొట్టి చొప్పున 80 తొట్లు కావాలి. మహమ్మద్‌నగర్‌లో అన్ని ముందుగదులు ఇందుకు ఖాళీగా లేవు. హైదరాబాద్ దుకాణాలకు పంపుతామంటే, అక్కడ బొటనవేలంత పిల్లను కొనేవాడు జానెడు చేపకు తొట్టి ఉండి కొనడం అరుదు. ఆస్కార్‌నూ ఫ్లవర్‌హార్న్‌నూ చిన్నప్పుడు కొని, పెద్దయ్యాక ఏం చేయాలో తెలియక తిప్పలు పడేవాళ్లే అందుకు సాక్ష్యం. ఆ రెండూ నోట మోసేవి కావు, రాతి మీద గుడ్లు పెట్టేవి. చోటు చాలకపోవడంలో మాత్రం అందరూ ఒకే గోత్రం.

చోటు చాలని చేప ఎక్కడికి వెళ్తుందన్నది ఈ వ్యాఖ్యానానికి కీలకం. దేశ నిర్ణయంలో నిజాంసాగర్‌ను తెచ్చింది ఇందుకే. ఇంటి ముందు కాలువ ఉంది, కాలువ ఎగువన ప్రాజెక్టు ఉంది, చంపడానికి చేయి రాదు. బకెట్ పట్టుకుని గట్టు ఎక్కడం ఒక్కటే మిగులుతుంది. పుణ్యం చేసినట్టు కూడా ఉంటుంది. ఇలాంటి పుణ్యం ఫలితం తెలుగు నేల చూసే ఉంది. తొట్టిలో నాచు తింటుందని అమ్ముడుపోయిన దక్షిణ అమెరికా సక్కర్ చేప తొట్టికి పెద్దదై, చెరువుల్లోకీ కాలువల్లోకీ చేరింది. దాని ముళ్లకు వలలు చిరిగి, దెయ్యం చేప అని మత్స్యకారులు తిట్టుకుంటున్నారు. తూర్పు కనుమల నీటి వనరుల్లో అది ఎంత దూరం పాకిందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో దొరికే డీఎన్ఏను బట్టి పట్టుకున్నారు. తొట్టి చేప తొట్టిలోనే ఉంటుందన్న నమ్మకానికి ఇది చాలినంత జవాబు.

అది నోట మోసే జాతి కాదు కదా అంటారేమో. నోట మోసే జాతి సంగతీ మన దగ్గరే ఉంది, అదే మొజాంబిక్ తిలాపియా. కొన్నిచోట్ల జిలేబీ అని పిలిచే చేప. తల్లి నోట్లో మోసే సిక్లిడ్, ఆఫ్రికా నుంచే, మన వేటచేపలకు దూరపు బంధువు. పెంపకానికి మేలని 1952లో దేశంలోకి తెచ్చారు. ఏడేళ్లకే, 1959లో, దాన్ని ఇక వ్యాపింపజేయవద్దన్న నిర్ణయం వచ్చింది. చేప మాత్రం ఆ నిర్ణయం చదవలేదు. అది చేసిన పని దాని నోట్లోనే ఉంది. రోహు లక్షల్లో గుడ్లు పెట్టి నీళ్లకు వదిలేస్తుంది, మిగిలేవి అతి కొద్ది. తిలాపియా వందల్లోనే పెడుతుంది, వాటిని నోట్లో దాచి పెద్దవాటిని చేసి వదులుతుంది. కాబట్టి మిగిలేవి ఎక్కువ. చెరువు నిండా జానెడు కూడా ఎదగని చేపలు కిటకిటలాడి, దిగుబడి పడిపోతుంది. ప్రపంచంలో అతి చెడ్డ చొరబాటు జీవుల వంద పేర్ల జాబితాలో మొజాంబిక్ తిలాపియా పేరు ఊరికే చేరలేదు. ఆ జాతి మూసిన నోరు చేసే పని ఏమిటో అక్కడ కొలవవచ్చు. మన చెరువుల్లో మత్స్యశాఖ ఏటా వదిలే రోహు, బొచ్చె పిల్లల మధ్యకు జానెడు మలావీ వేటగాణ్ని దించి, బతుకుతాడో చస్తాడో చూద్దామనుకోవడం పరీక్ష కాదు, పందెం. అది కూడా మత్స్యకారుల డబ్బుతో. నిజాంసాగర్ ఇప్పటికే లోపల చేరినదాన్నే వదిలించుకోలేక ఉంది: మొదట 29.7 టీఎంసీలు పట్టిన జలాశయం మంజీర ఒండ్రుతో పూడి 17.8 టీఎంసీలకు దిగింది.

ఇంకో ఆక్షేపం ఉంది, ఇది గౌరవించదగినది. తొట్టిలో పెంచడం వల్ల సరస్సులోంచి పట్టే చేపలు తగ్గుతాయి కదా, అంతరించిపోయే జాతులకు తొట్టే దిక్కవుతుంది కదా అంటారు. విక్టోరియా సరస్సులో నైలు పెర్చ్‌ను వదిలాక, 1980ల నాటికి అక్కడి సిక్లిడ్లు జాతులకు జాతులే కనపడకుండా పోయాయి. కొన్నింటిని జంతుప్రదర్శనశాలలూ ప్రయోగశాలలూ తొట్లలో నిలబెట్టుకున్నది నిజమే. కానీ ఆ పనిలో ఏ తల్లి, ఏ తండ్రి, ఏ తరం అన్నది రాసిపెడతారు. ముందుగది తొట్టిలో మూడు జాతులు కలిసి ఉంటాయి. ఈ ఆడచేపల్లో చాలావాటికి మగవాటి రంగులు ఉండవు, ఏది ఏ జాతో పోల్చుకోవడం కష్టం. తన జాతి మగది దొరకని ఆడది దొరికినదానితో సరిపెట్టుకుంటుంది. పుట్టిన సంకరం దుకాణంలో మలావీ రకాలు అన్న పేరుతో చేరుతుంది. దాని వల్ల సరస్సులో రక్షింపబడేది ఏమీ లేదు. ఒక జాతి పేరు మీద ఇంకో జాతి చలామణీ అవుతుంది, అంతే. జాతి రక్షణ కోరుకునేవాడు ఒక్క జాతినే పెంచి, తక్కువ పిల్లల్ని జాగ్రత్తగా పెంచాలి. ఈ ఆక్షేపం మా తాత్పర్యాన్ని పడగొట్టదు, దానికి ఇంకో ఆధారం అవుతుంది.

మరి యజమాని చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, కాదు. పద్యం ‘చూచుచు’ అన్న క్రియను అతనికి వదిలింది. ఆ చూపుకు పని ఉంది. గొంతు సంచి ఉబ్బిన తల్లిని మగదాని తరుముడుకు దూరంగా, ఒక వారం ఆగి, చీకటి పడ్డాక కదిలించి వేరే తొట్టికి చేర్చాలి. తొందరపడితే భయంతో ఉమ్మేస్తుంది. వారానికి మూడో వంతు నీళ్లు మార్చాలి. పద్యంలోని పురుగును మానేయాలి. మూడు వారాలయ్యాక ఆమె తానే నోరు తెరుస్తుంది. నింబోక్రోమిస్ తల్లి వదిలిన తర్వాత కూడా కొన్నాళ్లు పిల్లల్ని కాస్తుంది, భయం వేస్తే మళ్లీ నోట్లోకి పిలుచుకుంటుంది. నోరు తెరిపించినవాడికి ఈ దృశ్యం దొరకదు. అతనికి పిల్లలు ముందే గిన్నెలో ఉంటాయి. తర్వాత తల్లికి పదిహేను రోజులు విడిగా మేత పెట్టి, ఒళ్లు పూడ్చుకున్నాకే మగదాని దగ్గరికి పంపాలి. పద్యంలోని పురుగుకు అసలు కాలం అది.

చివరి ఆక్షేపం మెత్తని మనసు వాళ్లది. తల్లే వదిలినా ఓ నలభై పిల్లలు ఉంటాయి కదా, వాటినేం చేయాలి? జంట నిలబడడానికి ఐదారు ఉంచుకుని, మిగతావాటిని పెద్ద తొట్టిలోకి వదలాలి. మిగతా వేటచేపలు వాటి సంగతి చూసుకుంటాయి. ఇది హింస కదా అంటారు. వేటచేపలను కొని, వాటికి రోజూ రొయ్యలు కోసి వేస్తూ, వారానికోసారి చిన్న చేపలను బతికుండగానే వదిలే ఇంట్లో అహింస ఈ ఒక్క భోజనం దగ్గరే గుర్తుకు వస్తే, ఆ అహింస పేరు పిల్లల మీద మమకారం. మలావీ సరస్సులో ఆ నలభైలో పెద్దవయ్యేది ఏ ఒకటో రెండో. తొట్టిలో ఐదు మిగిలితే సరస్సుకంటే ఉదారంగా ఉన్నట్టే.